నాలుగో ముద్ద

మా ఇంట్లో తద్దినం రోజున నాన్న ఏటి నుంచి తిరిగి వచ్చేదాకా ఎవరికీ అన్నం పెట్టేవారు కాదు. పిండాలు పెట్టడం అయిపోయి, కాకి ముట్టి, బ్రాహ్మణుడు స్వయంపాకం సర్దుకుని వెళ్లిపోయాక, నాన్న గిన్నెలో మిగిలిన అన్నంలోంచి ఇంకో ముద్ద తీసేవారు. మూడు పిండాలు తాతముత్తాతలవి. ఈ నాలుగోదానికి నువ్వులు లేవు, మంత్రం లేదు, పేరు లేదు. దాన్ని అరిటాకు ముక్కలో పెట్టి, సైకిలుకు తగిలించిన సంచిలో వేసుకుని వెళ్లి, రేవులో గోదావరికి వదిలి, అక్కడే మళ్లీ తలారా స్నానం చేసి తడిబట్టలతో ఇంటికి వచ్చేవారు. అప్పుడు విస్తళ్లు వేసేవారు. ఈలోగా గారెలు చల్లారిపోయేవి. నేనూ తమ్ముడూ వంటింటి గడప మీద కూర్చుని వాటినే చూస్తూ, ఆ ముద్ద ఎవడిదో గానీ వాడి కడుపు కాలా అని తిట్టుకునేవాళ్లం.

అన్ని ఇళ్లలోనూ ఇంతే అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఇంట్లో చూసినదాన్ని లోకమంతా చేస్తుందనుకోవడం పిల్లలకు సహజం. నాకు మాత్రం జుట్టు సగం నెరిసినా ఆ సహజం పోలేదు.

నాన్న పోయాక తమ్ముడు అందుకున్నాడు. వాడికి భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం. ఊళ్లో ఇల్లు అమ్మేసి చాలా కాలమైంది, అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. తద్దినం ఫ్లాటులోనే పెడతాడు. ముద్దను స్టీలు డబ్బాలో పెట్టుకుని కారులో నరసాపురం రేవుకు వెళ్లి, వదిలి, మునిగి, సీటు తడవకుండా ప్లాస్టిక్ పట్టా పరుచుకుని తిరిగి వస్తాడు. అందాకా వాడి పిల్లలు బిస్కెట్టు కూడా ముట్టకూడదు. ఎందుకు డాడీ అని వాళ్లడిగితే "మన పద్ధతి" అంటాడు. అంతకంటే వాడికీ తెలియదు.

నేను రాసి బతికే మనిషిని. మొదట పత్రికలకు కథలు రాశాను, తర్వాత టీవీ సీరియళ్లకు మాటలు రాశాను, ఇప్పుడు జనం ఫోన్లలో చూసే సిరీస్‌లకు రాస్తున్నాను. రాజమండ్రిలో కూర్చుని హైదరాబాదు వాళ్లకు రాస్తాను. మీటింగులన్నీ ల్యాప్‌టాప్‌లోనే. నా మాట నచ్చకపోతే వాళ్లు వినపడనట్టు నటిస్తారు, వాళ్ల మాట నచ్చకపోతే నేను కెమెరా కట్టేసి నోరారా తిట్టుకుంటాను. అందరికీ సుఖంగానే ఉంది.

ఆ ఏడాది రాస్తున్నది ఒక క్రైమ్ సిరీస్. గోదావరి పక్కన ఒక ఊరు. కోర్టుల్లో తప్పించుకున్న దుర్మార్గులు ఒక్కొక్కరే అంతుపట్టకుండా చచ్చిపోతుంటారు. ఆ ఊరికే ఎస్సైగా వచ్చిన అమ్మాయి హంతకుడి కోసం వెతుకుతుంది. చివరి భాగంలో ఆ హంతకుడు తన సొంత తాతేనని తెలుస్తుంది. తాత అప్పటికే పోయాడు. ఆ అమ్మాయి సాక్ష్యాలన్నీ పొయ్యిలో వేసి, తాత ఫొటోకు దండం పెడుతుంది. ఈ ముగింపు నాదే. చెప్పినప్పుడు ల్యాప్‌టాప్‌లో అందరూ చప్పట్లు కొట్టారు, నాకూ గర్వంగానే అనిపించింది. చట్టం చెయ్యలేని పని మా తాత చేశాడు అని ఆ అమ్మాయి చేత ఒక డైలాగు చెప్పించాను. దాన్ని ట్రైలర్ కోసం ముందే ఎత్తిపెట్టుకున్నారు.

ఆ చివరి భాగంలో తాత తన తండ్రికి తద్దినం పెట్టే సన్నివేశం ఒకటి ఉంది. కథకు పెద్ద అవసరం లేదు, గోదావరి వాసన కోసం రాశాను. మూడు పిండాలు, నాలుగో ముద్ద, సైకిలు, రేవు, తడిబట్టలు, ఆకలితో కూర్చున్న పిల్లలు, అన్నీ ఇంట్లో చూసింది చూసినట్టు దింపేశాను. కోనసీమలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని దాన్ని షూట్ చేస్తున్న రోజు పొద్దున్నే డైరెక్టర్ ఫోన్ చేశాడు. కుర్రాడు, గుంటూరు వైపు మనిషి.

"మేడం, ఇక్కడ పంతులుగారు ఒప్పుకోవట్లేదు. నాలుగోది లేదంటున్నారు."

"ఉంటుంది బాబూ. మిగిలిన అన్నంలోంచి తీసి ఏట్లో వదలడమే కదా. అందరూ చేసేదే."

"మా ఇంట్లో లేదు మేడం. కెమెరామెన్ వాళ్లింట్లోనూ లేదు. ఈ ఇంటివాళ్లు ఇక్కడివాళ్లే, వాళ్లూ ఎప్పుడూ వినలేదంట."

నాకు ఒళ్లు మండింది. మా గోదావరి పద్ధతులు నాకు నేర్పేవాళ్లు ఎక్కువైపోయారనుకుని, పంతులుగారికి ఫోన్ ఇవ్వమన్నాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు.

"గతిలేకుండా పోయినవాళ్లకని నాలుగు మెతుకులు పక్కన వెయ్యడం ఉందండి. అది అక్కడే, ఆకు దగ్గరే అయిపోతుంది. ఏటికి మోసుకెళ్లడం, మళ్లీ తలస్నానం, అందాకా ఇంటిల్లిపాదీ పస్తు, ఇది నేనైతే ఎక్కడా చూళ్లేదండి. అలాంటి స్నానం చావు కబురు విన్నప్పుడు చేస్తామండి. మీ కథలో ఎవరో పోయేరు, ఆ పోయిన సంగతి ఈ ఇంటికొక్కటికే తెలుసు. అంతేనాండి? బాగుందండి, నేను చేయించేస్తాను."

డైరెక్టర్ ఫోన్ లాక్కున్నాడు. వాడి గొంతులో సంతోషం దాగడం లేదు.

"మేడం, ఇప్పుడు అర్థమైంది. తను చంపిన మనిషికి తాతే అన్నం పెడుతున్నాడు. క్లూ ఇదే కదా. నాక్కూడా చెప్పకుండా దాచారు చూడండి. ఇంతకీ ఆ ముద్ద ఎవరికి? మూడో భాగంలో చచ్చినవాడికా?"

తర్వాత చెప్తానని పెట్టేశాను. భయం వేసింది. ఇన్ని హత్యలు కల్పించి రాసినదాన్ని, ఒక్క హత్యను మాత్రం కల్పించలేదని, దాని ఆనవాలు నేను కడుపు మాడ్చుకుని గడప మీద కూర్చుని చూసిన ఆ ముద్దేనని తెలిసినప్పుడు వేసే భయం ఎలా ఉంటుందో నేను ఏ సన్నివేశంలోనూ రాయలేదు. మర్నాడు పొద్దున్నే భీమవరం బస్సెక్కాను.

తమ్ముడు కింద కొట్లో మేత బస్తాలు దింపిస్తున్నాడు. పైన ఫ్లాటులో అమ్మ సీరియల్ చూస్తూ గోంగూర వలుస్తోంది. నేను టీవీ కట్టేసి ఎదురుగా కూర్చున్నాను. ఆ నాలుగో ముద్ద ఎవరిదని అడిగాను.

"గతిలేని వాళ్లకే."

"గతిలేని వాళ్లకైతే ఏటి దాకా ఎందుకు? ఆ స్నానం ఎందుకు?"

"మీ నాన్నగారు చేసేరు, మీ తమ్ముడు చేస్తున్నాడు. నీకెందుకే ఇప్పుడు?"

"పేరు చెప్పు."

అమ్మ గోంగూర కాడలు ఒక పక్కకు, ఆకులు ఒక పక్కకు పెడుతూనే ఉంది. మా ఇద్దరికీ ఒకటే మొండితనం, అది నాకు ఆవిడ నుంచే వచ్చింది. టీవీ రిమోట్ నా చేతిలో ఉంది గనక ఆ రోజు నాది పైచేయి అయింది. చివరికి చెప్పింది. చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

మా తాతయ్య ఊరికి పెద్దమనిషి. ఊరి తగువులన్నీ మా అరుగు మీదే తీరేవి. ఊళ్లో ఒక మనిషి ఉండేవాడు. కూలికి పోయేవాడు, తాగేవాడు, తాగితే పెళ్లాన్ని వీధిలోకి ఈడ్చి కొట్టేవాడు. ఎన్నిసార్లు అరుగు మీద నిలబెట్టి చీవాట్లు పెట్టినా మారలేదు. పోలీసులకు అప్పజెబితే ఒక పూట ఉంచుకుని వదిలేసేవారు. ఒక శ్రావణ మాసంలో వరద పెరుగుతుంటే, లంకలో పశువుల్ని తోలుకొద్దాం రమ్మని తాతయ్య అతన్ని పడవ ఎక్కించుకుని వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక్కరే వచ్చారు. వాడు అవతలి ఒడ్డున దిగి, ఈ పెళ్లాంతో నేను వేగలేనని చెప్పి బస్సెక్కి పోయాడని నలుగురిలో చెప్పారు. తాతయ్య చెప్పిన మాటకు ఊళ్లో ఎదురు ప్రశ్న లేదు. మంచాన పడ్డాక ఆయన నాన్నను దగ్గరకు పిలిచి నిజం చెప్పారట. తెడ్డుతో కొట్టి ఏట్లోకి తోసేశారు. ఏటా ఒక ముద్ద వదలమని నాన్న దగ్గర మాట తీసుకున్నారు.

"మావగారు తనకోసం చెయ్యలేదు. ఊరికోసం చేసేరు. వాడు పోయేక ఊరు చల్లబడింది. ఎవరికి నష్టం?" అంది అమ్మ.

"అతని భార్య?"

అమ్మ ఇంకో గోంగూర కట్ట విప్పింది.

"ఉందా?"

"ఉంది. ఊళ్లోనే. పిల్లల్లేరు. బొట్టు పెట్టుకునే ఉంటుంది."

అప్పుడు నాకు ఆవిడెవరో గుర్తొచ్చింది. ఊళ్లో అందరికీ గుర్తే. మొగుడు పారిపోయినావిడ. ఆవిడ నోటికి భయపడి అతను దేశాలు పట్టుకు పోయాడని చెప్పుకునేవారు. బొట్టూ మంగళసూత్రం ఉన్నా పెళ్లిళ్లలో పసుపు దంచడానికి పిలిచేవారు కాదు. ఏ ఆడపిల్ల కాస్త గట్టిగా మాట్లాడినా ఆవిడ పేరే చెప్పి భయపెట్టేవారు. నాకు చిన్నప్పటి నుంచీ కోపం ఎక్కువ కాబట్టి నేను ఆ పేరు అందరికంటే ఎక్కువసార్లు విన్నాను. "ఆ నోరు తగ్గించుకో. నీ మొగుడూ పడవెక్కి పోతాడు" అని అమ్మ నాతో అనేది. నా పెళ్లి చూపులప్పుడు అంది. పెళ్లయ్యాక మొదటిసారి గొడవపడి పుట్టింటికి వచ్చినప్పుడూ అంది. అప్పటికి తాతయ్య పోయి చాలా ఏళ్లయింది.

"తెలిసే అన్నావా ఆ మాట?" అని అడిగాను.

అమ్మ ఆకులున్న చేట పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "అందరూ అనే మాటే కదే. అలవాటుగా వచ్చేసేది" అంది. నాకు ఆ క్షణాన ఆవిడ మీద వచ్చినంత కోపం తాతయ్య మీద కూడా రాలేదు. ఆయన్ని నేను చూడనైనా చూడలేదు. అమ్మ చేతి అన్నం తిని పెరిగాను.

నేను వెళ్లి ఆవిడకు చెప్తానన్నాను. మా గొంతులు కింద దాకా వినపడి తమ్ముడు పైకి వచ్చాడు. విన్నాక గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఇన్నేళ్లూ తను కారులో మోసుకెళ్లింది ఏమిటో వాడికి అప్పుడే తెలిసింది. వాణ్ణి చూస్తే జాలేసింది. అయినా కాసేపట్లోనే తేరుకుని వ్యాపారం మనిషి అయిపోయాడు.

"చెప్పి ఏం చేస్తావక్కా? చేసినాయన లేడు, చచ్చినాయన లేడు. ఊళ్లో మనవాళ్లున్నారు. ఎవడో వీడియో తీసి పెడతాడు. నాకు మేత కొనేవాళ్లంతా ఆ చుట్టుపక్కల వాళ్లే."

"ఆవిడుంది కదా."

"ఇప్పుడావిడకి డెబ్భై దాటుంటాయి. ప్రశాంతంగా పోనివ్వొచ్చు కదా."

"నేను పోయేక చెప్పుకోండి" అంది అమ్మ.

"నువ్వు పోయేదాకా ఆవిడుండాలిగా" అన్నాను. అనాల్సిన మాట కాదని తెలుసు. కానీ నిజం అంతే. అతను వస్తాడని ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుందని, ఆ ఎదురుచూపుతోనే పోతుందని, మా ఇంట్లో మాత్రం ఏటా గారెలు తింటూ అతనికి పైలోకం సర్దుబాటు చేశామని తలుచుకుంటే నాకు అక్కడ నిమిషం కూర్చోబుద్ధి కాలేదు.

మధ్యలో డైరెక్టర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఆ సిరీస్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ముగింపు మార్చాలని, మనవరాలు ఫొటోకు దండం పెట్టకూడదని, చంపబడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పాలని అన్నాను. తాత హీరో మేడం, ఆయన్ని దోషిని చేస్తే జనం ఒప్పుకోరు అన్నారు. నేను ఒప్పుకోనన్నాను. చివరి భాగం వేరే ఆయన చేత రాయించుకున్నారు, దాని మీద నా పేరు వెయ్యొద్దన్నాను. అది జనానికి బాగా నచ్చిందట. నాకు బాధ లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆ నాలుగో ముద్దను మాత్రం తీసేయించాను. కథలో మంచి క్లూ పోతోందని డైరెక్టర్ చాలా బతిమాలాడు. అది కథ కాదని వాడికి చెప్పలేదు.

భీమవరం నుంచి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఊరికి తను రానని ముందే చెప్పింది. "ఆవిడ ఏడిస్తే ఏడవనీ. నువ్వు మాత్రం ఆవిడ ముందు ఏడవకు. మనకా హక్కు లేదు" అంది. ఆ ఒక్క మాటకు నా కోపం కొంచెం దిగింది.

చించినాడ వంతెన దాటి బస్సు దిగి, ఆటోలో ఊళ్లోకి వెళ్లాను. మా పొలం ఉన్న చోట ఇప్పుడు రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు. ఆవిడ ఇల్లు ఊరి చివర, రెండు గదుల సిమెంటు రేకుల ఇల్లు. వాకిట్లో కూర్చుని కత్తితో కొబ్బరాకుల ఈనెలు గీస్తోంది, చీపుర్లు కట్టడానికి. సన్నటి మనిషి, నుదుటి మీద పెద్ద కుంకుమబొట్టు. నేనెవరి మనవరాలినో చెప్పగానే కత్తి పక్కన పెట్టి లేవబోయింది.

"పెద్దగారి మనవరాలాండి? కూర్చోండి పాపగారు, కుర్చీ తెస్తాను. ఎన్నాళ్లకండి. మీ తాతగారు దేవుడండి. మా ఆయన వెళ్లిపోయేక ఆయన బతికినన్నాళ్లూ కోతలయ్యేక నాకు ధాన్యం పంపేవోరు. ఎవరూ చెప్పకుండానే పంపేవోరు."

ఈ సంగతి అమ్మ నాకు చెప్పలేదు. తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు. కుర్చీ వద్దని ఆవిడ ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను. ఇంకొంచెంసేపు ఆవిడ ఆ మర్యాద చూపిస్తే నాకు నోరు పెగలదనిపించింది. అందుకని వెంటనే చెప్పేశాను. మీ ఆయన వెళ్లిపోలేదమ్మా, ఆ రోజే ఏట్లో పోయాడు, మా తాతయ్యే చంపారు అని చెప్పాను. ఈ రోజే నాకు తెలిసిందని కూడా చెప్పాను.

ఆవిడ ఏడవలేదు. కత్తి తీసుకుని మళ్లీ ఈనె గీయడం మొదలుపెట్టింది. అది సగం దాకా గీశాక అంది.

"ఈత బాగా వచ్చునండి ఆయనకి."

తెడ్డు సంగతి చెప్పకుండా దాటేద్దామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఇక దాచడానికి లేదు. "ముందు తెడ్డుతో కొట్టారు" అన్నాను.

"ఎందుకండి?"

"మిమ్మల్ని కొడుతున్నాడని. ఊరికి పీడ అని."

ఆవిడ కత్తి కింద పెట్టేసింది. అప్పటిదాకా ఉన్న వంగిన నడుము నిటారుగా అయింది.

"చెడ్డోడేనండి. నాకు చెడ్డోడు. నన్ను కొట్టేడు, కడుపులో తన్నేడు. నాకు తెలీదాండి అతనెలాంటోడో. మీ తాతగారినేం చేసేడు? అంతకుముందు వారమే నేను మీ అరుగు కాడికి వచ్చేనండి. ఏం అడిగేనో తెలుసాండి? తెగతెంపులు చేయించండి బాబూ, మా పుట్టింటికి పంపించేయండి, నా బతుకు నేను బతుకుతాను అన్నాను. అంతే అడిగేను. మొగుడూ పెళ్లాల మధ్య మేం దూరకూడదే, సర్దుకుపో అన్నారు. దూరకూడదన్న మనిషి వారం తిరక్కుండా చంపేసేరా అండి?"

సిరీస్‌లో తాత చేత ఎన్ని జవాబులు చెప్పించానో అవన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఆయన వస్తాడని ఎదురుచూసి ఉంటారు, ఆ బాధ మా వల్లే అని ఏదో అనబోయాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"ఎదురుచూడడమేంటండి? భయమండి. వెళ్లిపోయినోడు ఎప్పుడైనా తిరిగి రావొచ్చు కదండి. కుక్క మొరిగితే భయం, బస్సు ఆగితే భయం. లోపల తలుపుకి గడియ, గడియకి అడ్డంగా రోకలి. కత్తిపీట పక్కనెట్టుకుని పడుకునేదాన్ని, ఇప్పటికీ అంతే. ఈ బొట్టేంటనుకుంటున్నారు? తీసేసేనని తెలిస్తే వచ్చినప్పుడు చంపేస్తాడని పెట్టుకున్నానండి. పోయేడని ఒక్క మాట చెప్పుంటే నేను నిద్రపోదును కదండి. మా మేనమామ వేరే మనువు చేస్తానన్నాడు. మొగుడు బతికుండగా ఎలా అని ఊరంతా నోరు నొక్కేసింది. మీ తాతగారూ అక్కడే ఉన్నారు."

అమ్మ చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, కళ్లలోకి వచ్చినవాటిని అక్కడే ఆపాను. మిగిలింది కూడా చెప్పాలనిపించింది. మా ఇంట్లో ఏటా మీ ఆయన పేరు మీద ఒక ముద్ద తీసి గోదావరిలో వదులుతున్నామని, నాన్న పోయాక తమ్ముడు కూడా మానలేదని చెప్పాను. చెప్తున్నప్పుడు, సిగ్గు విడిచి రాస్తున్నాను, నా మనసులో ఒక మూల అది మా తరఫున చిన్న పుణ్యంలాగే ఉంది. ఇది విని ఆవిడ కొంచెం మెత్తబడుతుందనుకున్నాను.

ఆవిడ గీసిన ఈనెలను పక్కకు నెట్టింది.

"ఆయనకి ముద్ద, నాకు ధాన్యం" అంది. "ఇద్దర్నీ మేపేరన్నమాట."

నేను తల దించుకున్నాను.

"ఇంక పెట్టకండి. మీ తమ్ముడు గారికి చెప్పండి. చంపినోళ్ల చేతి కూడు ఇంక వద్దండి. పెట్టాలో మానాలో నేను చూసుకుంటాను. నా మొగుడు."

సరేనన్నాను. పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పమంటే చెప్తాను, రాసివ్వమంటే రాసిస్తాను, ఏం చెయ్యమన్నా చేస్తానన్నాను. ఆవిడ లేచి, ఒళ్లో పడిన కొబ్బరాకు పొట్టు దులుపుకుంది. ముడి విప్పి, జుట్టు మళ్లీ గట్టిగా ముడి వేసుకుంది. లోపలికి వెళ్లి చెప్పులు వేసుకుని వచ్చింది.

"పోలీసోళ్లు నన్నేమన్నారండి, అనింది ఊరు. మీరు ఇక్కడ, నా వాకిట్లో, గొంతు తగ్గించి చెప్పడం కాదండి. మీ తాతగారు నలుగురిలో చెప్పేరు, నా నోటికి భయపడి పోయేడని. మీరూ నలుగురిలో చెప్పండి."

తమ్ముడు, వాడి మేత వ్యాపారం, ఊళ్లో ఉన్న మా బాబాయిలు, వీడియోలు తీసేవాళ్లు, అందరూ ఒక్కసారి కళ్ల ముందు తిరిగారు. వీళ్లందరికీ నేను రేపటి నుంచి జవాబు చెప్పుకోవాలి. ఈవిడ ఇన్నేళ్లుగా జవాబు చెప్పుకుంటూనే ఉంది. నడవండి అన్నాను.

ఊరి సెంటరులో టీ కొట్టు దగ్గర పదిమంది దాకా ఉన్నారు. ఆటోవాళ్లు, చెరువుల మీద పనిచేసేవాళ్లు, బల్ల మీద పేపరు చూస్తున్న పెద్దవాళ్లు, పాల కేంద్రం నుంచి వస్తున్న ఆడవాళ్లు. ఆవిడ నేరుగా వెళ్లి బల్లల మధ్యన నిలబడింది. ఆవిడ అలా ఎప్పుడూ రాదు కాబోలు, టీ కొట్టతను గ్లాసు కడగడం ఆపేశాడు. వాళ్లలో ఇద్దరు ముసలివాళ్లు నన్ను గుర్తుపట్టి, పెద్దగారి మనవరాలు కదా, రండి రండి, అంటూ నాకు చోటివ్వడానికి లేచారు. నేను కూర్చోలేదు.

నేను ఫలానా ఆయన మనవరాలిని అని మొదలుపెట్టాను. ఈవిడ భర్త ఊరు వదిలి వెళ్లలేదు అన్నాను. ఈవిడ వల్ల వెళ్లలేదు అన్నాను. మా తాతయ్య ఆయన్ని ఏట్లో చంపేసి, వెళ్లిపోయాడని మీకు అబద్ధం చెప్పారు అన్నాను. మా ఇంట్లో తెలిసీ దాచాం అన్నాను.

లేచి నిలబడ్డ ముసలివాళ్లలో ఒకాయన, మెల్లగా, వినీ విననట్టు, "ఏంటమ్మా, సరిగ్గా వినపళ్లేదు" అన్నాడు.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఆ ముసలాయన్నే చూస్తోంది.

"మళ్లీ చెప్పండి పాపగారు" అంది. "ఈయన చెవిన పడేదాకా చెప్పండి."

మళ్లీ చెప్పాను.